బేతాళుడి ప్రశ్న ఎక్కడికి పోయింది?

ఒక పాత కథను కొత్తగా తెరమీదికి తెచ్చినప్పుడల్లా మన మధ్య ఒక పాత తగాదా కొత్తగా మొదలవుతుంది. పాతదాని రుచి దీనికి లేదనేవారు ఒక వైపు, కాలం మారింది పిల్లలూ మారారనేవారు మరొక వైపు. ఉపాధ్యాయుల గదిలోనూ, బస్సు కోసం నిలబడ్డ చోటా, పెళ్ళి పందిట్లోనూ ఈ తగాదా వినిపిస్తుంది. ఎవరి అభిప్రాయాన్ని వారు తీర్పుగా భావిస్తారు. కాని అభిప్రాయం తీర్పు కాదు. అది ఎక్కడినుంచి పుట్టింది, దేన్ని చూసింది, దేన్ని చూడలేకపోయింది అని విచారించినప్పుడే దానికి విమర్శలో స్థానం లభిస్తుంది.

ఇందుకు విక్రమార్క బేతాళ కథల టి.వి. ప్రదర్శనలు మంచి ఉదాహరణ. 1985లో రామానంద సాగర్ దూరదర్శన్ కోసం 'విక్రమ్ ఔర్ బేతాళ్' తీశారు. అరుణ్ గోవిల్ విక్రమార్కుడు, సజ్జన్ బేతాళుడు. 1987 జనవరిలో సాగర్ 'రామాయణ్' మొదలుపెట్టినప్పుడు ఈ అరుణ్ గోవిలే రాముడయ్యాడు. 2009లో కలర్స్ ఛానెల్ ఈ కథలను మళ్ళీ తెరకెక్కించింది. 2018 అక్టోబరులో ఆండ్ టి.వి. 'విక్రమ్ బేతాల్ కీ రహస్య గాథ' పేరుతో మరొకసారి తెచ్చింది. అందులో అహం శర్మ రాజు, మకరంద్ దేశ్‌పాండే బేతాళుడు. అన్నీ హిందీలో వచ్చినవే. అయినా మన ప్రాంతపు ప్రేక్షకుడు వీటిని పరాయివిగా చూడలేదు. ఆ రాజునూ, భుజం మీది శవాన్నీ అతడు అంతకుముందే 'చందమామ'లో చూసి వున్నాడు. శంకర్ గీసిన ఆ బొమ్మ అతని మనసులో ముందే అచ్చుపడి వుంది. అందువల్ల టి.వి. తెరమీద వచ్చిన ప్రతి విక్రమార్కుణ్ణీ అతడు ఆ బొమ్మతో పోల్చి చూశాడు.

మూడు అభిప్రాయాలు

నేను విన్న మాటలన్నిటినీ కూడదీస్తే మూడు అభిప్రాయాలు తేలాయి.

మొదటిది నలభై దాటినవారిది. పాతదాంట్లో కథ వుండేది, కొత్తదాంట్లో హంగు మాత్రమే వుందని వీరి ఫిర్యాదు. మంటలు, మెరుపులు, చెవులు దిమ్మెక్కే సంగీతం ఎక్కువై కథ అడుగున పడిపోయిందంటారు. ఒక్క ఆదివారంతో ముగిసిపోవలసిన కథను సాగదీశారంటారు.

రెండవది చదువుకుంటున్న కుర్రవాళ్ళది. పాతది చూస్తే వీధి నాటకంలా వుంది, అతికించిన గడ్డం అతికించినట్టే కనిపిస్తోంది, నడక నత్తనడక, దాన్ని మెచ్చుకోవడం పెద్దవాళ్ళ మురిపెం తప్ప మరేమీ కాదని వీరి వాదం.

మూడవది ఈ రెంటికీ అతీతమైనట్టు కనిపించే అభిప్రాయం. పాతదైనా కొత్తదైనా ఫరవాలేదు, పిల్లలకు మన సంస్కృతి తెలుస్తోంది గదా, అది చాలు అంటారు వీరు. పైకి పెద్దమనిషి తరహాగా కనిపించే ఈ మాటే అన్నిటికన్నా జాగ్రత్తగా పరిశీలించవలసినది. 'మన సంస్కృతి' అన్నప్పుడు ఆ 'మన'లో ఎవరున్నారో, ఎవరు లేరో ఈ అభిప్రాయం చెప్పదు.

ఈ మూడింటిలోనూ లోపించిన అంశం ఒకటుంది. ఇది పిల్లల కార్యక్రమం. కాని మాట్లాడుతున్నవారంతా పెద్దలే. ఒకరు తమ బాల్యాన్ని సమర్థించుకుంటున్నారు. ఒకరు తాము బాల్యాన్ని దాటివచ్చామని రుజువు చేసుకుంటున్నారు. మరొకరు ఎదుటివారి బాల్యాన్ని దిద్దాలని చూస్తున్నారు. పిల్లవాడికి ఈ కథ ఏం చేస్తుంది అనే ప్రశ్న ఎవరి నోటా రాలేదు.

కిటికీ అవతలి ప్రేక్షకుడు

మొదటి అభిప్రాయాన్ని ముందు చూద్దాం. 1985 నాటి టి.వి. పరిస్థితి తెలియకపోతే ఈ అభిప్రాయం అర్థం కాదు.

మన దేశంలో టి.వి. పల్లెకు వచ్చింది వినోదం పేరుతో కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు బోధనా కార్యక్రమాలు ప్రసారం చేశారు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా వుంది. బడి పిల్లల కోసం ఉదయం వేళ ప్రత్యేక ప్రసారం వుండేది. టి.వి. పెట్టె ఊరుమ్మడి వస్తువు. 1982లో రంగుల ప్రసారం వచ్చింది. 1984లో చిన్న ప్రసార కేంద్రాలు దేశమంతటా వరసగా వెలిశాయి, ఆ ఏడాదే 'హమ్‌లోగ్' ధారావాహిక మొదలైంది. ఊరుమ్మడి పెట్టె వెనక్కిపోయి, కొనగలిగినవాడి ముందు గదిలోకి టి.వి. చేరింది. 'విక్రమ్ ఔర్ బేతాళ్' ఈ మలుపు దగ్గర వచ్చిన కార్యక్రమం.

విజయవాడలో పెరిగిన ఒక తోటి ఉపాధ్యాయుడు ఆ కార్యక్రమాన్ని గురించి చెబుతుంటే ముఖం వెలిగిపోతుంది. "అలాంటిది మళ్ళీ రాదండీ" అంటాడు. ఎక్కడ చూశారని అడిగాను. వీధిలో ఒక్క ఇంట్లో టి.వి. వుండేదట. ఆ ఇంటివారి పిల్లలూ, వారి స్నేహితులూ లోపల చాపమీద కూర్చునేవారు. ఇతనూ మరికొందరూ బయట, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవారు. బేతాళుడు చెట్టుకు ఎగిరిపోయే సమయానికి లోపలివారెవరో లేచి అడ్డం వచ్చేవారట. హిందీ సగం అర్థమయ్యేది. మిగతా సగం చందమామలో చదివిన కథలతో పూరించుకునేవారు.

ఈ మాటల్లో రెండు సత్యాలున్నాయి. అతడు మెచ్చుకుంటున్నది ఆ కార్యక్రమాన్ని ఒక్కదాన్నే కాదు, పదిమందితో కలిసి చూసి, సోమవారం బడిలో చెప్పుకున్న ఆ అనుభవాన్ని. అది నిజమైన విలువ. నేడు ఎవరి సెల్‌ఫోన్ వారి చేతిలో పెట్టుకుని చూసే పిల్లలకు అది లేదు. కాని రెండవ సత్యాన్ని కూడా విస్మరించరాదు. అతడు చూసింది కిటికీ బయటినుంచి. చాపమీద ఎవరు కూర్చోవాలో, ఊచలు ఎవరు పట్టుకోవాలో ఆ వీధిలో ముందే నిర్ణయమై వుంది. నలభై ఏళ్ళ తర్వాత జ్ఞాపకం ఊచలను చెరిపేసి తెరను మాత్రం దాచుకుంది. గతాన్ని గురించిన మెప్పు చాలా సందర్భాలలో ఇలాగే పనిచేస్తుంది. అందువల్ల పాతదే బాగుంది అనే మాటను కొట్టివేయనూ కూడదు, ఉన్నదున్నట్టు అంగీకరించనూ కూడదు.

ఏది అసలు? ఏది నకలు?

మూడవ అభిప్రాయానికి చరిత్రే సమాధానం చెబుతుంది. ఈ కథలకు చెక్కుచెదరని అసలు రూపం ఒకటుందనీ, దాన్ని పిల్లలకు అందించడమే సంస్కృతి అనీ భావించేవారు వాటి పుట్టుకను చూడాలి.

బేతాళ కథలు మనకు దొరికే ప్రసిద్ధ రూపాలలో ఒకటి 11వ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన సోమదేవుడు సంస్కృతంలో రచించిన 'కథాసరిత్సాగరం'లో వుంది. ఆయన తనకు ఆధారంగా చెప్పుకున్నది గుణాఢ్యుడి 'బృహత్కథ'. ఆ పుస్తకం నేడు లభించదు, దాన్ని గురించిన ఐతిహ్యం మాత్రం మిగిలింది. శాతవాహన రాజు కొలువులో పందెం ఓడి, సంస్కృత ప్రాకృత దేశభాషలను వదులుకున్న గుణాఢ్యుడు అడవికి పోయి పైశాచీ భాషలో కథలు రాశాడు. ఆ భాషను రాజు ఈసడించుకున్నాడు. కవి ఒక్కొక్క పత్రమే అడవి మృగాలకు చదివి వినిపించి మంటలో వేశాడు. కాలగా మిగిలిన ఒక్క భాగమే లోకానికి దక్కింది. ఐతిహ్యంలో నిజమెంతో గాని, దాని భావం స్పష్టం. ఈ కథలు కొలువు కాదన్న భాషలో, కొలువు అవతల పుట్టాయని కథ చెప్పేవారే నమ్మారు.

సోమదేవుడి కథలో రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి గట్టున వున్న ప్రతిష్ఠానం. ఉజ్జయిని విక్రమార్కుడికి ఈ కథలన్నీ అంటుకట్టింది తరువాతి కాలం. తెలుగులో 15వ శతాబ్దంలో కొరవి గోపరాజు 'సింహాసన ద్వాత్రింశిక' రచించి విక్రమార్కుణ్ణి కావ్యనాయకుణ్ణి చేశాడు. 19వ శతాబ్ది ఆరంభంలో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల 'బైతాల్ పచ్చీసీ'ని అచ్చువేసింది. తెల్లదొరలు హిందీ నేర్చుకోవడానికి అది పాఠ్యపుస్తకమైంది. 1870లో రిచర్డ్ బర్టన్ ఈ కథలను ఇంగ్లీషులో తిరగరాస్తూ మన బేతాళుణ్ణి రక్తం తాగే పిశాచంగా మార్చాడు. 1960లో జంపన దర్శకత్వంలో ఎన్.టి. రామారావు నటించిన 'భట్టి విక్రమార్క' వచ్చింది. ఎవరి అవసరానికి తగినట్టు వారు ఈ కథలను మార్చుకున్నారు. పాత టి.వి. రూపం కూడా ఈ వరసలో ఒక నకలే.

ఈ నకళ్ళలో మనకు అత్యంత ముఖ్యమైనది చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి చక్రపాణులు ప్రారంభించిన ఆ పత్రికకు 1952 నుంచి 1980లో మరణించేవరకు సంపాదక బాధ్యత వహించింది కొడవటిగంటి కుటుంబరావు. తెనాలి మనిషి, హేతువాది, మార్క్సిస్టు, 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు అందులో నిలిచినవాడు. అటువంటి వ్యక్తి నడిపిన పత్రికలో శవం మాట్లాడే కథ నెలనెలా అచ్చయింది. మూలంలోని పాతిక కథలు అయిపోయినా ఆపలేదు, అదే చట్రంలో కొత్త కథలు రాయించి దశాబ్దాలపాటు కొనసాగించారు.

పిల్లలకు దయ్యాల కథలు చెప్పి మూఢనమ్మకాలు పెంచవచ్చునా అని మనలోనే కొందరు మిత్రులు అడుగుతూంటారు. అడగవలసిన ప్రశ్నే. కాని దయ్యం వున్న ప్రతి కథా భయం కోసం కాదు. ఈ కథలో శవం పిల్లవాణ్ణి భయపెట్టదు, ప్రశ్న అడుగుతుంది. మూఢనమ్మకం నోరు మూయిస్తుంది, బేతాళుడు నోరు విప్పమంటాడు. తేడా అక్కడుంది.

కథ ఆగే చోటు

బేతాళ కథకు ప్రాణం ఆ చట్రంలో వుంది. రాజు శవాన్ని మోసుకుపోవాలి, దారిలో మాట్లాడకూడదు. బేతాళుడు కథ చెప్పి చిక్కుముడి వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం చెట్టెక్కుతుంది, మోసిన శ్రమ వృథా అవుతుంది. నోరు విప్పితే పని చెడుతుంది, విప్పకపోతే ప్రాణం పోతుంది. రాజు ప్రతిసారీ పని చెడినా సరే నోరు విప్పుతాడు. పట్టు వదలని విక్రమార్కుడని మనం సామెతగా వాడుకునేది అతడు మళ్ళీ చెట్టుదగ్గరికి పోయినందుకు. అతని గొప్పతనం నిజానికి అందులో లేదు. తెలిసినదాన్ని నష్టపడి అయినా చెప్పడంలో వుంది. చివరి ప్రశ్నకు అతనికి నిజంగానే జవాబు తెలియదు. అప్పుడు మాత్రమే అతని మౌనం నిజాయితీ గల మౌనం. అప్పుడే బేతాళుడు లొంగి, సన్యాసి పన్నిన కుట్రను బయటపెడతాడు.

ఈ చట్రం విన్నవాడిని కూడా చిక్కులో పెడుతుంది. ప్రశ్న పడ్డాక జవాబు వచ్చేదాకా మధ్యన ఒక ఖాళీ వుంటుంది. ఆ ఖాళీ పిల్లవాడిది. రాజుకన్నా ముందు తానే చెప్పాలని పిల్లవాడు తహతహలాడే క్షణం అది. అరుగుమీద కథ చెప్పిన అమ్మమ్మ అక్కడ ఆగి వక్క నమిలేది. చందమామలో పిల్లవాడు అక్కడ వేలు పెట్టి కళ్ళు మూసుకోగలిగేవాడు. 1985 నాటి ప్రదర్శనలో సాధారణంగా ఒక భాగంలో ఒక కథ నడిచి, చివర ప్రశ్న, వెంటనే జవాబు వచ్చేవి. ఖాళీ చిన్నదే, అయినా వుంది. కుర్రవాళ్ళు వెక్కిరించే ఆ నత్తనడకే ఆ ఖాళీకి చోటిచ్చింది. డబ్బూ సాంకేతిక సౌకర్యాలూ లేక ఏర్పడిన ఆ నిదానం పిల్లవాడికి మేలు చేసింది.

కొత్త ధారావాహిక స్వభావం వేరు. అది వారంలో పలురోజులు నడవాలి, మధ్యలో ప్రకటనలు రావాలి, ప్రేక్షకుడు ఛానెల్ మార్చకుండా చూడాలి. ఇది తీసినవారి దుర్బుద్ధి కాదు, ఆ వ్యాపారపు అవసరం. అందువల్ల కథ ఆగే చోటు మారుతుంది. ఇదివరకు కథ ప్రశ్న దగ్గర ఆగేది. ఇప్పుడు అపాయం దగ్గర ఆగుతుంది. 'ఎవరిది న్యాయం?' అని ఆలోచిస్తూ నిద్రపోయిన పిల్లవాడు ఇప్పుడు 'తరువాత ఏమవుతుంది?' అని ఎదురుచూస్తూ నిద్రపోతాడు. మొదటిది ఆలోచన, రెండవది ఆకలి. మంటలూ మెరుపులూ ఎక్కువయ్యాయని ఫిర్యాదు చేసే పెద్దలు గుర్తించనిది ఇదే. హంగు తగ్గించినంత మాత్రాన ప్రశ్న తిరిగిరాదు.

జవాబు ఎవరిది?

అయితే ప్రశ్న వున్నంత మాత్రాన సరిపోతుందా? ఇక్కడ పాతదాన్ని మెచ్చుకునేవారితో కూడా మనకు పేచీ వుంది. ప్రశ్న అడిగేది బేతాళుడైనా జవాబు చెప్పేది రాజు. కాబట్టి జవాబు రాజు జవాబే అవుతుంది.

కథాసరిత్సాగరంలోని వీరవరుడి కథ చూడండి. శూద్రక మహారాజు దగ్గర కాపలా కాసే వీరవరుడికి, మూడు రోజుల్లో రాజు చనిపోతాడనీ, కొడుకును చండికకు బలి ఇస్తే రాజు బతుకుతాడనీ తెలుస్తుంది. కొడుకును బలి ఇస్తాడు. కూతురు దుఃఖంతో మరణిస్తుంది, భార్య చితిలో దూకుతుంది, చివరకు తానూ తల నరుక్కుంటాడు. చాటునుంచి చూసిన రాజు తానూ చావబోతే దేవత వారించి అందరినీ బతికిస్తుంది. వీరందరిలో ఎవరు గొప్ప? రాజు గొప్ప అంటాడు విక్రమార్కుడు. సేవకుడు ప్రభువు కోసం చావడం అతని ధర్మం, ప్రభువు సేవకుడి కోసం చావడానికి సిద్ధపడడం అపూర్వం అని కారణం చెబుతాడు. నాలుగు ప్రాణాలు ఇచ్చిన కుటుంబంకన్నా కత్తి ఎత్తి దించిన రాజు గొప్పవాడయ్యాడు! భూస్వామ్య నీతి ఇంతకన్నా నగ్నంగా బయటపడడం అరుదు.

తలలు తారుమారైన కథ కూడా అంతే. భర్త తల అన్న మొండేనికి, అన్న తల భర్త మొండేనికి అతికించిన స్త్రీకి భర్త ఎవరు? అవయవాలలో తల ప్రధానం కనుక భర్త తల వున్నవాడే అని రాజు తేల్చేస్తాడు. 1940లో జర్మన్ రచయిత థామస్ మన్, 1971లో 'హయవదన' నాటకంతో గిరీశ్ కర్నాడ్ ఆ జవాబును అంగీకరించలేదు. తల గొప్పదా, శరీరం గొప్పదా అనే చర్చను మళ్ళీ తెరిచారు. పాత కథను కొత్తగా చెప్పడమంటే ఇదీ. టి.వి. కొత్త రూపాలు దుస్తులు మార్చాయి, చప్పుడు పెంచాయి, రాజు జవాబును మాత్రం ముట్టుకోలేదు.

పిల్లలేమన్నారు?

మా ఉయ్యూరు ప్రాంతపు పిల్లలకు పాతదాని నుంచీ కొత్తదాని నుంచీ చెరి కొంత చూపించి, ఒక కథ మాత్రం నేనే నోటితో చెప్పాను. ముగ్గురు సుకుమారులైన రాణుల కథ అది. ఒక రాణికి మీద కలువపువ్వు పడితే గాయమైంది. ఒక రాణికి వెన్నెల తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కింది. మూడో రాణికి ఎక్కడో దూరపు ఇంట్లో వడ్లు దంచుతున్న రోకటి చప్పుడు వింటేనే అరచేతులు కందిపోయాయి. ఎవరు ఎక్కువ సుకుమారి? అక్కడ ఆగాను.

చాలామంది మూడో రాణి అన్నారు. విక్రమార్కుడి జవాబూ అదే, ఏదీ తాకకుండానే ఆమె చేతులు కందాయి గనుక. మంచి మార్కులు వచ్చే జవాబు. వెనక వరసలో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి మాత్రం లేచి, "మాస్టారూ, మరి ఆ వడ్లు దంచిన ఆవిడ చేతులో?" అంది.

తరగతి నిశ్శబ్దమైంది. వెయ్యేళ్ళనాటి కథలో రోకలి చప్పుడు వుంది, రోకలి పట్టుకున్న మనిషి లేదు. ఈ డెల్టాలో మరలు రాకముందు వడ్లన్నీ ఆడవాళ్ళ చేతుల మీదుగానే బియ్యమయ్యాయి. ఆ అమ్మాయి నాయనమ్మ కూలికి దంపుళ్ళకు వెళ్ళేదట. ఆమె చేతుల కాయలు ఇంట్లో చెప్పుకునే మాట. ఆ మాట తెలిసిన పిల్ల కాబట్టి బేతాళుడికి తట్టని ప్రశ్న ఆమెకు తట్టింది. చప్పుడు విన్నందుకే రాణి చేతులు కందితే దాన్ని సౌకుమార్యం అని మెచ్చుకునే లోకం, దంచినామె చేతులను గురించి అడగదు.

నేను ఎం.ఏ.లో ఈ కథ చదివాను, ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాను. నాకు ఆ ప్రశ్న రాలేదని ఒప్పుకోవడానికి సంకోచించను.

ఆ పిల్ల ప్రశ్నకు టి.వి.లో చోటు లేదు. పాతదైనా, కొత్తదైనా చూసేవాడు తిరిగి అడగడానికి వీలు లేదు. అయితే పాతదానికి ఒక అదృష్టం పట్టింది. కిటికీ దగ్గర చూసిన పిల్లలు సోమవారం బడిలో దాన్ని గురించి వాదించుకున్నారు. చందమామ కూడా ఈ శతాబ్దపు రెండవ దశకంలో ఆగిపోయింది. వేలు పెట్టి ఆగడానికి ఆ పుటా లేదు, వాదించుకోవడానికి ఆ సోమవారమూ లేదు. నేటి పిల్లలు పోగొట్టుకున్నది మంచి నటుణ్ణో, మంచి దర్శకుణ్ణో కాదు, కథను ఎదురడిగే చోటును.

కాబట్టి పాతది మంచిదా, కొత్తది మంచిదా అనే తగాదాలో మనం ఒక పక్షం చేరనక్కరలేదు. మనం అడగవలసింది ఈ కథ పిల్లవాడి చేత ప్రశ్న అడిగిస్తుందా లేదా అని. అడిగిస్తే ముతక బట్టలతో తీసినా మేలే, అడిగించకపోతే ఎన్ని మెరుపులున్నా వృథాయే. టి.వి. యజమానులు ఆ పని చేస్తారని ఎదురుచూడడం అమాయకత్వం. అది రచయితల పని, ఉపాధ్యాయుల పని. వీరవరుడి కథను అతని కూతురు చెబితే ఎలా వుంటుందో, రాణుల కథను రోకలి పట్టినామె చెబితే ఎలా వుంటుందో రాసి చూడాలి. రాశాక తరగతి గదిలో చదవాలి, ప్రశ్న దగ్గర ఆగాలి. జవాబు తెలిసీ చెప్పనివాడి తల ఏమవుతుందో బేతాళుడు ఏనాడో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక రాజులకు మాత్రమే కాదు.